గువ్వలమ్మువారి పీటలు

మీ గ్రామ మందిరములో వేదిక వెనుక గోడ మీద తెల్ల పావురపు బొమ్మ ఉన్నదా? ఉండియే యుండును. కోనసీమలో నేను వాక్యము చెప్పిన మందిరములలో ఆ బొమ్మ లేనివి బహు కొద్ది. గోడ మీద, గుమ్మము మీద, పెండ్లి శుభలేఖ మీద, ఫ్లెక్సీ మీద, తెల్లవారగానే ఫోనులో వచ్చు వందనముల మీద కూడ అదే పావురము. బొమ్మతో నాకు తగవు లేదు. అయితే బొమ్మ చాలదని ఇప్పుడు కొందరు ప్రాణమున్న పక్షులనే తెచ్చి ఎగురవేయుచున్నారు. దానితో నాకు తగవున్నది. ఆ తగవు పక్షితో మొదలగును గాని పక్షితో ఆగదు. కోపపడక చివరివరకు చదువుడి.

కడచిన సంవత్సరము ఒక క్రొత్త మందిర ప్రతిష్ఠకు వెళ్లితిని. ఊరి పేరు వ్రాయను. అట్టివి పది ఊళ్లలో జరుగుచుండగా ఒక్క ఊరిని వీధికెక్కించుట న్యాయము కాదు. రిబ్బను కత్తిరించుటకు ముందు వెదురు బుట్టలో రెండు తెల్ల పావురములను తెచ్చిరి. పట్టణములో పెంచి అమ్మువారి వద్ద కొన్నవట. పెద్దలు వాటిని చేతులలో పట్టుకొని ఫోటో తీయువాడు సరే అనునంతవరకు నిలువబడిరి. తరువాత పైకి విసిరిరి. ఒకటి షామియానా మీదనే వ్రాలి కదలలేదు. రెండవది కొబ్బరి తోటలోనికి పోయెను. కాకులు దాని వెంట పడినవి. మధ్యాహ్నపు భోజనముల వేళకు పిల్లలు తెల్లని ఈకలు ఏరి తెచ్చుకొని ఆడుకొనుచుండిరి.

ఇట్టిది మన ఊళ్లలోనే జరిగినదని సిగ్గుపడనక్కరలేదు. 2014 జనవరి 26న రోము నగరములో పోపు ఫ్రాన్సిస్ గారి కిటికీలో నుండి పిల్లలు సమాధానమునకు గురుతుగా రెండు పావురములను విడిచిరి. లోకమంతయు చూచుచుండగనే ఒక సముద్రపక్షియు ఒక కాకియు వాటి మీద పడినవి. 1988లో సియోలు ఒలింపిక్సు ఆరంభమున ఎగురవేసిన పావురములలో కొన్ని దీపపు పళ్లెము అంచున వ్రాలి, దానిని వెలిగించినప్పుడు మంటలో కాలిపోయినవి. పంజరములో పుట్టి గింజలు చేతిలో తిన్న పక్షికి తెలుపు రంగు అలంకారము కాదు. గద్దకు దూరము నుండి కనబడు గురి.

పావురమును సాధువని మనము ఎంత సులువుగా అనుచున్నాము! దానిని నిజముగా చూచినవారు తక్కువ. పూర్వము సంఘపు బోధకులు పావురమునకు పైత్యము లేదు గనుక దాని హృదయములో చేదు లేదని చెప్పెడివారు. కోడిని కోయునప్పుడు పగులకుండ జాగ్రత్తగా తీసివేయు ఆ చేదు సంచి పావురములో లేదన్నమాట నిజమే. అయితే పైత్యరసము లేకపోలేదు. అది కాలేయము నుండి నేరుగా ప్రేగులోనికి పోవును. సంచి లేనంత మాత్రమున చేదు లేదనుట ఎట్లు? (ఇది మనుష్యుల విషయములో కూడ ఆలోచింపదగినదే.) ఆస్ట్రియా దేశపు జంతుశాస్త్రజ్ఞుడు కాన్రాడ్ లోరెంజ్ 1949లో ప్రచురించిన పుస్తకములో తాను రెండు గువ్వలను ఒక్క పంజరములో ఉంచిన సంగతి వ్రాసెను. అవి జతకట్టునని ఆయన ఆశ. తిరిగి వచ్చి చూడగా ఒకటి రెండవదాని తల, మెడ, వీపు ఈకలు పీకి, చర్మము ఒలిచి, ఇంకను పొడుచుచుండెనట. బయట ఆకాశములో ఓడిన గువ్వ ఎగిరిపోవును, తగవు అంతటితో తీరును. పంజరములో పోవుటకు చోటు లేదు.

అయితే దానిలో మెచ్చుకొనవలసినవి లేవా? ఉన్నవి. మన పెరటిలో తిరుగు గువ్వను చూడుడి, మెడ వెనుక నల్ల పట్టీ మీద తెల్ల చుక్కలు గలది. నాలుగు పుల్లలు అడ్డముగా వేసి, అందులో రెండు గుడ్లు పెట్టి, దానినే ఇల్లు అనుకొనును. ఆడదియు మగదియు వంతులు వేసికొని పొదుగును. పిల్లలు పుట్టిన తరువాత ఆ రెండును తమ కంఠపు సంచిలో ఊరిన పాలవంటి ఆహారమును పిల్లల నోటికి అందించును. పక్షులలో తండ్రి పాలు పట్టుట ఎంత అరుదు! సారా దుకాణము వద్ద ప్రొద్దుపుచ్చు తండ్రులు ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెనని మనవి.

ఇప్పుడు లేఖనమునకు వచ్చెదము. మత్తయి 10:16లో ప్రభువు శిష్యులను పంపుచు పావురమును మాదిరిగా చూపెను. మన తెలుగు బైబిలులో నిష్కపటులని యున్న చోట గ్రీకులో ఉన్న మాటకు మూలార్థము కలితీ లేనిదని. నీళ్లు కలుపని ద్రాక్షారసమును గూర్చి, వేరొక లోహము కలియని లోహమును గూర్చి ఆ మాట వాడెడివారు. రోమా 16:19లోను ఫిలిప్పీ 2:15లోను పౌలు వాడినది అదే మాట. పాలలో నీళ్లు కలుపకుండుట అనగా ఏమో మనకు ఒకరు చెప్పవలెనా? మెత్తదనము వేరు, కలితీ లేకుండుట వేరు. మెత్తగా మాటలాడుచు రెండు విధములుగా నడుచుకొనువాడు ఈ వచనములోని పావురము కాడు.

నోవహు విడిచిన పావురమును చూడుడి. మొదటిసారి దానికి కాలు మోపుటకు చోటు దొరకలేదు. అది వట్టి ముక్కుతోనే తిరిగి వచ్చెను. ఓడలో ఉన్నవారు సంతోషించెదరని నీళ్ల మీద తేలుచున్న ఏదో చెత్త తీసికొని రాలేదు. వైనతేయ గట్టు మీది అప్పనపల్లివారికి, లంకలలోని వారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా గోదావరి పొంగినప్పుడును, మరల 2022 జూలైలోను, నీరు తీసినదా లేదా అని చూచి వచ్చినవాడు ఉన్నది ఉన్నట్లు చెప్పవలసియుండెను. నీరు తీయకముందే తీసినదని చెప్పినవాని మాట నమ్మి పశువులతో దిగినవాని గతి ఏమి? మన కూటములలో సాక్ష్యము చెప్పుటకు లేచువారు ఇది జ్ఞాపకముంచుకొనవలెను. జ్వరము తగ్గినదనుటకు చచ్చి బ్రదికితిననుట, ముగ్గురు వచ్చిన చోట ముప్పదిమంది వచ్చిరనుట, ఇవన్నియు పావురము తేని ఆకులు.

ఇక నా అసలు తగవు. పావురము మోషే ధర్మశాస్త్రములో దేనికి గురుతు? సమాధానమునకు కాదు. పేదరికమునకు. బాలింత శుద్ధి దినములు తీరిన తరువాత గొఱ్ఱెపిల్లను తేవలెను. గొఱ్ఱెపిల్లకు శక్తి లేనియెడల రెండు గువ్వలనైనను రెండు పావురపు పిల్లలనైనను తేవచ్చును. లేవీయకాండము 12:8 చూడుడి. అపరాధము చేసినవానికిని అదే సడలింపు (5:7). దానికి కూడ గతిలేనివాడు తూమెడు పిండిలో పదియవవంతు తేవచ్చును, యాజకుడు అందులో నుండి పిడికెడు తీసి వేల్చవలెను (5:11, 12). దేవుడు మెట్టు మెట్టుగా క్రిందికి దిగి వచ్చెను, ఏ ఇంటివాడును గుమ్మము బయట నిలిచిపోకుండునట్లు. మన స్త్రీలు వంట వండునప్పుడెల్ల తీసి దాచు పిడికెడు బియ్యము ఆ పిండికి చెల్లెలు.

లూకా 2:24లో మరియ యోసేపులు దేవాలయమునకు తెచ్చినదేమి? గొఱ్ఱెపిల్ల కాదు. సర్వలోక రక్షకుని తల్లి పేదల చీటీ మీద లోపలికి వెళ్లెను. ముప్పది సంవత్సరముల తరువాత ఆ కుమారుడే యొర్దాను నీళ్లలో నుండి లేచినప్పుడు పరిశుద్ధాత్మ ఏ రూపమున దిగెను? ఆ దినములలో రోమా సైన్యముల ధ్వజముల మీద పక్షిరాజు ఉండెను. దేవుడు ఆ రూపమును కోరలేదు. తన తల్లి తెచ్చిన కానుక పక్షి రూపముననే ఆత్మ ఆయన మీద వ్రాలెను. వ్రాలి ఆయనను సింహాసనము మీద కూర్చుండబెట్టలేదు. వెంటనే అరణ్యమునకు త్రోసికొని పోయెనని మార్కు 1:12 చెప్పుచున్నది.

కావున ప్రభువు దేవాలయములో గువ్వలమ్మువారి పీటలను ఎందుకు పడద్రోసెనో ఇప్పుడు గ్రహించుడి. ఎడ్లు కొనువాడు ధనవంతుడు. ధర పెంచినను కొనగలడు. గువ్వలు కొనునది విధవరాలు, కూలివాడు, బాలింత. యూదుల మిష్నా గ్రంథములో ఒక సంగతి కలదు. ఒకప్పుడు యెరూషలేములో గువ్వల జత ధర ఒక బంగారు దీనారము వరకు ఎక్కెను. రబ్బాన్ సిమ్యోను బెన్ గమలీయేలు అను పెద్ద, ఈ రాత్రి నిద్రపోకమునుపే ధర దించెదనని ఒట్టుపెట్టుకొని, అయిదు కాన్పులైన స్త్రీ అన్నిటికి కలిపి ఒక్క జత తెచ్చిన చాలునని తీర్పు చెప్పెను. ఆ దినముననే ధర వెండి దీనారములో కొద్ది భాగమునకు పడిపోయెనట. ఆ పెద్దను నేను మెచ్చుకొనుచున్నాను. పేదదాని కానుక మీద వ్యాపారము జరుగుచున్నదని చూచి ఆయన ఊరకుండలేదు.

మనము ఊరకున్నాము. నేను చెప్పిన ఆ ప్రతిష్ఠ దినమున పావురములు పోయిన తరువాత మైకులో కానుకల పట్టీ చదివిరి. లక్ష ఇచ్చినవారిని వేదిక మీదికి పిలిచి శాలువ కప్పిరి. ఏబది వేలవారికి దండ. పదివేలవారికి పేరు. అంతకు తక్కువవారిని “మరికొందరు” అనిరి. పీచు పనికి పోవు ఒక తల్లి, ఆ ఊరి విధవరాలు, నా ప్రక్కన క్రింద కూర్చుండెను. ఆమె సంవత్సరమంతయు దాచిన బియ్యమును అమ్మి ఆ సొమ్ము మందిరపు గచ్చుకు ఇచ్చినదని సంఘ పెద్ద ఒకరు తరువాత నాకు చెప్పిరి. “ఎందుకమ్మా, నీ పేరు చదువలేదే?” అని అడిగితిని. “నాది మరికొందరిలో ఉందయ్యగారూ” అనెను. కోపముగా అనలేదు. అందువలననే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ గచ్చు మీదనే పక్షులను ఎగురవేసిన పెద్దలు నిలువబడిరి. పేదవాని కానుక పక్షిని ధనవంతుని అలంకారముగా చేసి, ఆ పక్షిని తేవలసిన మనుష్యులను “మరికొందరు” అనుట కంటె గువ్వలమ్మువారి పీట మరి ఏది?

“అయ్యగారూ, పేర్లు చదువకపోతే డబ్బు ఎట్లు వచ్చును?” అని మీలో కొందరు అడిగెదరు. ఈ ప్రశ్న నన్ను అడిగినవారు చెడ్డవారు కారు. మందిరపు కప్పు కొరకు అప్పు తెచ్చి వడ్డీ కట్టుచున్నవారు. వారికి నా జవాబు. 1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతము నుండి విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు ఓడ ఎక్కి వచ్చి నరసాపురము చేరి ఈ గోదావరి మండలములో సువార్త ప్రకటించిరి. ఒకరు రాతిపనివారు, ఒకరు చెప్పులు కుట్టువారు. మన ప్రాంతపు సంఘములకు మొదటి రాయి వేసినవారిని ఈ దినపు పట్టీ ప్రకారము కూర్చుండబెట్టినయెడల వారికి దండ కూడ దొరకదు.

మరియొక మాట కూడ విన్నాను: పావురములను ఎగురవేయుట చూచి అన్యులు ఆకర్షింపబడుదురని. రెండు నిమిషములు చూచెదరు, నిజమే. ఆ సాయంకాలము కాకి తిన్న ఈకలను కూడ వారే చూచెదరు.

మా సంఘములో ఈ పంటకాలపు పండుగకు పట్టీ చదువుట మానవలెనని నేను పెద్దల ఎదుట పెట్టితిని. కానుక లెక్క మొత్తము మాత్రము చెప్పి, పిడికెడు బియ్యపు సంచిని వేదిక ముందు అందరి కంటె ముందుగా ఉంచవలెనని నా కోరిక. అయిదుగురు పెద్దలలో ముగ్గురు ఒప్పుకొనిరి. ఒకరు ఆలోచించి చెప్పెదననిరి. ఇంకొకరు తన తండ్రి పేరున ఇచ్చుచున్న కానుకకు పేరు చదువకపోతే ఇయ్యనని స్పష్టముగా చెప్పిరి. ఆయన ఇంటికి రేపు సాయంకాలము వెళ్లుచున్నాను.