పిల్ల చచ్చేది షెడ్డులో, రోగం వచ్చేది ఎక్కడి నుంచి?

కోడిపిల్లలు వారం తిరక్కుండానే తెల్లగా పారుకొని చచ్చిపోతే నేరం ఎవరి మీద పడుతున్నది? షెడ్డు వూడ్చే కూలీ మీద, అప్పు తెచ్చి షెడ్డు కట్టిన రైతు మీద. "శుభ్రత లేదు, అందుకే రోగమొచ్చింది" అని రాసుకొని కంపెనీ సూపర్‌వైజరు వెళ్లిపోతాడు. చచ్చిన పిల్లల లెక్క రైతుకు రావలసిన డబ్బులో కోత పడుతుంది. ఈ మాటలో నిజమెంతో సైన్సునే అడుగుదాం. సైన్సు కంపెనీల సొత్తేమీ కాదు.

ఈ రోగం తెచ్చేది సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి. అందులో పుల్లోరం రకం పిల్లలకు తెల్లపారుడు తెస్తుంది. గాలినారం రకం ఎదిగిన కోళ్లకు కూడా టైఫాయిడు తెస్తుంది. ఎంటరైటిడిస్ అనే మరో రకం కోడిలో చప్పుడు లేకుండా వుండి, గుడ్డు ద్వారా, మాంసం ద్వారా మనుషులకు వాంతులు, విరేచనాలు తెస్తుంది.

క్రిమికి ఈ బలం ఎక్కడిది? దాని జన్యువుల్లోనే వుంది. ఆయుధాలు తయారుచేసే జన్యువులు గుంపులుగా చేరి వుంటాయి. మొదటి గుంపు పేగు గోడలోకి చొరబడటానికి. రెండో గుంపు, క్రిమిని చంపవలసిన రక్షక కణాల లోపలే దాక్కొని బతకటానికి. ఈ ఆయుధాలను క్రిమి యెల్లవేళలా పట్టుకు తిరగదు. కణం లోపలి ఆమ్లాన్ని, మెగ్నీషియం కొరతను ఫో-క్యూ అనే ప్రోటీను పసిగడుతుంది. అది కబురందిస్తే ఫో-పీ అనే ప్రోటీను జన్యువుల మీట నొక్కుతుంది. గాలినారం మీద 2001లో ప్రచురించిన ప్రయోగాల్లో రెండో గుంపును పనిచేయకుండా చేస్తే క్రిమి కోడికి జబ్బు చేయలేకపోయింది. మొదటి గుంపు లేకపోయినా జబ్బు చేసింది. అంటే దాని అసలు బలం లోపల దాక్కోవటంలోనే వుంది.

మనకు కావలసిన సంగతి ఇక్కడే వుంది. పుల్లోరం క్రిమి పైకి ఆరోగ్యంగా కనిపించే తల్లికోడిలో నెలల తరబడి దాక్కొంటుంది. గుడ్లు పెట్టే కాలానికి గుడ్డులోకి, అక్కడి నుంచి పిల్లలోకి దిగుతుంది. హేచరీలో పక్క పిల్లలకు అంటుకుంటుంది. అట్లాంటి పిల్లలను తెచ్చి దింపితే రైతు ఎంత సున్నం కొట్టి, కూలీ ఎంత వూడిస్తే ఏం లాభం? ఎలుకల వల్ల, దాణా వల్ల కూడా సాల్మొనెల్లా వస్తుంది, కాదనం. కాని పరీక్ష చేయకుండా తీర్పు చెప్పే హక్కు కంపెనీకి ఎవరిచ్చారు?

మార్గం లేకపోలేదు. అమెరికాలో 1935లో మొదలైన పథకం కింద తల్లికోళ్లకు రక్తపరీక్షలు చేసి, రోగమున్నవాటిని యేరివేసి, పెద్ద ఫారాల్లో తెల్లపారుడును దాదాపు లేకుండా చేశారు. పెట్టుబడిదారీ దేశమే చేసిన పని ఇది!

దీనికి బదులు దాణాలో మందులు కలిపితే మందుకు లొంగని క్రిములు మిగిలి పెరుగుతాయి. ఆ గుణాన్ని ప్లాస్మిడ్లు అనే చిన్న జన్యు వలయాలు ఒక క్రిమి నుంచి మరోదానికి మోస్తాయి. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ వాడరాదని 2019 జూలైలో కేంద్రం నిషేధించింది. ఒక్క మందు నిషేధిస్తే సరిపోతుందా? చేతులకు తొడుగు కూడా లేకుండా రెట్ట ఎత్తే కూలీ ఇంటికే కదా ఆ క్రిమి ముందుగా చేరేది!

కాబట్టి మనం గట్టిగా అడగాలి. తల్లికోళ్ల పరీక్ష పత్రం లేకుండా పిల్లలను దించకూడదు. పిల్లలు చస్తే షెడ్డులోని క్రిమినీ, హేచరీలోని క్రిమినీ ప్రభుత్వ లాబొరేటరీలో జన్యువుల వారీగా పోల్చి చూడాలి. ఆ పద్ధతి నేడు వుంది. అది తేలేదాకా రైతు డబ్బులో కోత వేయకూడదు. కూలీలకు తొడుగులు, బూట్లు, సబ్బు, వైద్యం యజమాని ఖర్చుతోనే ఇవ్వాలి. షెడ్డు రైతూ, కూలీ కలిసి అడిగితేనే ఇవి వస్తాయి. విడివిడిగా వుంటే నేరం ఒకరి మీంచి ఒకరి మీదికి మారుతుందే తప్ప, హేచరీ గుమ్మం దాకా పోదు.