బందరుకు తలలు తక్కువయ్యాయట!

కేంద్రం ఒక గీత గీసింది. 2011 జనాభా లెక్కల్లో 3 లక్షల మంది తేలిన ఊరికే ఎలక్ట్రిక్ సిటీ బస్సులు ఇస్తుందట. మచిలీపట్నం జనాభా దాదాపు లక్షా 70 వేలు. గుడివాడది లక్షా 18 వేలు. రెండు ఊళ్ళనూ తెచ్చి ఒకే తక్కెట్లో వేసినా 2 లక్షల 88 వేల దగ్గర ముల్లు ఆగిపోతుంది. పన్నెండు వేల తలలు తక్కువ! ఇక దివిసీమ సంగతి అడగనే వద్దు. అది పల్లెల సీమ. ఈ లెక్కలో దాని విలువ సున్నా.

ఇంకా ఘోరం చూడండి. 2001కీ 2011కీ మధ్య బందరు జనాభా పెరగలేదు, తగ్గింది. ఎందుకు తగ్గింది? చదువుకున్న పిల్లలు పని వెతుక్కుంటూ విజయవాడకో హైదరాబాద్‌కో బస్సెక్కి పోయారు కాబట్టి. ఊరికి పని లేకుండా చేసిన పాలకులే ఇప్పుడు తలలు లెక్కపెట్టి "మీ ఊళ్ళో జనం చాలరు" అంటున్నారు. పోనీ ఆ లెక్కయినా తాజాదా? 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడు జరగనేలేదు. పాత చొక్కా కొలత తీసుకుని కొత్త చొక్కా కుట్టే దర్జీలు మన ఢిల్లీ దొరలు.

ఈ బస్సుల డబ్బు అడగాలా వద్దా అని మన దగ్గర ఒక చర్చ నడుస్తోంది. ఓడరేవు వస్తే అన్నీ అవే వస్తాయి, ఇప్పుడు బస్సుల గోలేమిటని కొందరంటారు. చుట్టుపక్కల పల్లెల్ని కలిపేసి బందరును 3 లక్షల ఊరు చేసేద్దామని ఇంకొందరు. మొదటివారికి మా జవాబు చిన్నది. ఆ ఓడరేవుకు 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో మరోసారి కొబ్బరికాయలు కొట్టారు. ముగ్గురు ముఖ్యమంత్రులు, ఒక్కటే రేవు! రేవు వచ్చేదాకా కోడూరు పిల్ల కాలేజీకి ఎలా పోవాలి? రెండోవారికి జవాబు తర్వాత చెబుతాం, ముందు ఈ పథకాల పుట్టుక తెలియాలి.

2008 చివర ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో పడింది. 2009 జనవరి 2న కేంద్రం రెండో ఉద్దీపన ప్యాకేజీ ప్రకటించింది. రాష్ట్రాలు బస్సులు కొనుక్కోవడానికి జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం కింద ఒక్కసారికి మాత్రమే సాయం చేస్తామంది. దేశం మొత్తానికి 15 వేలకు పైగా బస్సులు మంజూరయ్యాయి. అదే ప్యాకేజీలో వాణిజ్య వాహనాలు కొన్నవారికి పన్ను లెక్కల్లో 50 శాతం తరుగుదల రాయితీ కూడా ఇచ్చారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే గుట్టు తెలుస్తుంది. ఆ డబ్బు బస్సు ఎక్కేవాడి కోసం పుట్టింది కాదు, బస్సు తయారుచేసేవాడి కోసం పుట్టింది. అమ్ముడుపోని ఛాసిస్‌లకు గిరాకీ కావాలి, అంతే!

ఆ బస్సులైనా ఎవరికొచ్చాయి? మిషన్ నగరాలకు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవి హైదరాబాద్, విశాఖ, విజయవాడ, తర్వాత చేర్చిన తిరుపతి. సింహభాగం హైదరాబాద్‌కే పోయింది. బందరు డిపో, గుడివాడ డిపో, అవనిగడ్డ డిపో చూస్తూ కూర్చున్నాయి. మేం ఆనాడే ఆంధ్ర రాష్ట్రం మనకు విడిగా కావాలన్నాం. జిల్లాలన్నీ సమైక్యం అని గొంతు చించుకుంటుంటే, కాకాని వెంకటరత్నం పుట్టిన ఈ గడ్డ మీదే నిలబడి జై ఆంధ్ర అన్న పిడికెడు మందిలో మేమూ ఉన్నాం. నవ్వారు. 2013లో సమైక్యం కోసం ఆర్టీసీ చక్రం దాదాపు రెండు నెలలు ఆగింది. 2014లో రాష్ట్రం విడిపోయింది. మనం అడిగినట్టు కాదు, వాళ్ళు విసిరేసినట్టు. సరే, వచ్చింది.

వచ్చాక ఏమైంది? కరోనా దెబ్బ తర్వాత 2021 బడ్జెట్‌లో కేంద్రం 18 వేల కోట్లతో 20 వేలకు పైగా బస్సులు అంది. 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవ పేరుతో మంత్రివర్గం ఆమోదించినవి 10 వేలు, 169 నగరాలకు. మొత్తం అంచనా 57,613 కోట్లు, అందులో కేంద్రం వాటా 20 వేల కోట్లు. మన రాష్ట్రానికి 750 బస్సులు మంజూరయ్యాయి. ఆ జాబితాలో బందరు పేరు లేదు, గుడివాడ పేరు లేదు. ఆనాడు హైదరాబాద్ తింటోందని అరిచిన నోళ్ళు ఈనాడు విజయవాడ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూతపడ్డాయి? ఇది మా వాళ్ళను కూడా కలిపే అడుగుతున్నాం.

విజయవాడ మెట్రో చూడండి. మొదటి దశ 38 కిలోమీటర్లు, అంచనా 11 వేల కోట్లు. డబ్బంతా కేంద్రమే పెట్టాలని రాష్ట్రం కోరింది. ఒక లైను బస్టాండు నుంచి బందరు రోడ్డు మీదుగా పెనమలూరు దాకా వస్తుంది. అక్కడ ఆగిపోతుంది! రోడ్డు పేరు మాది, రైలు వాళ్ళది. ఇదే విజయవాడలో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం డబ్బుతో బస్సులకు ప్రత్యేక దారి వేశారు. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు అనే పేరు మిగిలింది, బస్సుల దారి మిగల్లేదు. కోట్లు నేల పాలు చేసినవాళ్ళకు మళ్ళీ కోట్లు, ఒక్క బస్సూ అందని వాళ్ళకు జనాభా పాఠాలు.

2025 ఆగస్టు 15న రాష్ట్రం స్త్రీశక్తి పథకం మొదలుపెట్టింది. ఆడవాళ్ళకు పల్లెవెలుగులో టికెట్ లేదు. మంచిదే, మేం కాదనం. కానీ బస్సే రాని ఊళ్ళో జీరో టికెట్టు ఎవరు కోస్తారు? రైలు గుడివాడకు ఉంది, బందరుకు ఉంది, ఇప్పుడు రెండు లైన్లు, కరెంటు బండ్లు కూడా. దివిసీమకు పట్టాయే లేదు. బందరు - రేపల్లె రైలు మార్గం అడిగి అడిగి తరాలు గడిచాయి. కనుక దివిసీమకు బస్సే రైలు, బస్సే అంబులెన్సు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన సీమ అది; గాలివాన హెచ్చరిక రాగానే ఊరు ఖాళీ చేయించడానికి మొదట వెతికేది ఆర్టీసీ బస్సునే. కృష్ణా యూనివర్సిటీ బందరులో ఉంది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. జిల్లా కేంద్రమూ అక్కడే. నాగాయలంక నుంచి పాసు పట్టుకుని వచ్చే విద్యార్థికి సాయంత్రం ఆఖరి బస్సు తప్పితే మిగిలేది కిక్కిరిసిన షేర్ ఆటో. అదీ అవనిగడ్డ దాకే దొరికితే, ఎదురుమొండి వాడు అక్కడినుంచి రేవుకు చేరి పంటు ఎక్కాలి. నైట్ హాల్ట్ బస్సు ఉన్న ఊరికీ లేని ఊరికీ మధ్య పదో తరగతి తర్వాత ఆడపిల్ల చదువు ఆగడమా సాగడమా అన్నంత తేడా ఉంటుంది. ఢిల్లీ గీత గీసినవాడికి నైట్ హాల్ట్ అంటే ఏమిటో తెలుసా?

నష్టం వస్తుందంటారు. వస్తుంది. ఆక్యుపెన్సీ లెక్కతో నడిపితే దివిసీమలో సగం రూట్లు మూసెయ్యాలి. అందుకే బస్సు కొనడానికి మాత్రమే డబ్బు ఇచ్చి చేతులు దులుపుకునే సాయం మాకొద్దు. 2009లోనే అమెరికా కూడా ఉద్దీపన చట్టం చేసి ప్రజా రవాణాకు 8.4 బిలియన్ డాలర్లు కేటాయించింది. అందులో పల్లె ప్రాంతాల రవాణాకు విడిగా వాటా పెట్టారు. కొత్త బస్సులు వస్తుంటే డ్రైవర్లను ఇళ్ళకు పంపుతున్నారేమిటని అక్కడ గొడవైతే, ఆ సొమ్ములో పది శాతం దాకా నడిపే ఖర్చుకు వాడుకోవచ్చని కొద్ది నెలల్లోనే సవరించారు. పెట్టుబడిదారుల దేశానికి ఉన్న ఆ కాస్త ఇంగితం మన సోషలిస్టు రాజ్యాంగం కింద పాలించేవాళ్ళకు లేకపోయింది.

ఈ-బస్ సేవలో పదేళ్ళపాటు నడిపే ఖర్చుకు సాయం ఉంది కదా అని ఎవరైనా అనవచ్చు. ఉంది. కానీ బస్సు ప్రైవేటు ఆపరేటర్‌ది, అతనికి కిలోమీటరు లెక్కన చెల్లింపు. 2020 జనవరి 1న ప్రభుత్వంలో కలిసిన ఆర్టీసీ ఉద్యోగ మిత్రులు ఈ మాట జాగ్రత్తగా వినాలి. డిపో మీది, స్థలం మీది, స్టీరింగు ఇంకొకడిది!

ఇక పల్లెల్ని కలిపి 3 లక్షలు చూపిద్దామన్న పెద్దలకు. కలిపితే పంచాయతీలు పోతాయి, పన్నులు పెరుగుతాయి, ఉపాధి హామీ పని పోతుంది. బస్సు మాత్రం వస్తుందన్న హామీ లేదు. ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే అది. మారాల్సింది మన ఊరి హద్దులు కాదు, వాళ్ళ గీత. బందరు, గుడివాడ, అవనిగడ్డ మూడు డిపోలనూ ఒక్క యూనిట్‌గా తీసుకోవాలి. ఊళ్ళో కాపురముండే తలల్ని కాదు, బస్సెక్కే తలల్ని లెక్కపెట్టాలి. బస్సులు ఆర్టీసీవే కావాలి, ఆర్టీసీ డ్రైవరే నడపాలి, నష్టపు రూట్ల ఖర్చులో కేంద్రం వాటా పెట్టాలి. మన ఎంపీ పార్లమెంటులో అడగాల్సింది ఇదీ, మన ఎమ్మెల్యేలు ముఖ్యమంత్రి ముందు పెట్టాల్సింది ఇదీ. అడగకపోతే ఎందుకు అడగలేదో మనం అడుగుదాం.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊరికి మొదటి బస్సు ఎన్నింటికి, ఆఖరి బస్సు ఎన్నింటికి, వారంలో ఎన్ని రోజులు రాదు, నైట్ హాల్ట్ ఉండేదా, ఎప్పుడు తీసేశారు - ఒక కార్డు ముక్క మీద రాసి పత్రికకు పంపండి. మండలాల వారీగా అచ్చు వేస్తాం. ముందుగా కోడూరు, నాగాయలంక.