గ్లోబల్ అంటే ఎంత మేర?

మా వీధి చివర ఒక పాఠశాల ఉన్నది. రెండంతస్తుల అద్దె మేడ, ఆటస్థలం లేదు. పేరులో మాత్రం ‘గ్లోబల్’ ఉన్నది. మా మనుమడు అక్కడే నాలుగో తరగతి చదువుతున్నాడు. మొన్న వాడు “తాతయ్యా, గ్లోబల్ అంటే ఏమిటి?” అని అడిగాడు. “ప్రపంచవ్యాప్తమైనది” అన్నాను. “మా బడి ఈ వీధిలోనే కదా ఉంది!” అన్నాడు. ముప్పైయేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, నోట మాట రాలేదు. నా విద్యార్థులచేత కూడా ఆ ఒక్క అర్థమే వల్లె వేయించాను. అది చాలదని ఇన్నాళ్ళకు తెలిసింది.

ఆ మాటకు మూలం లాటిన్ భాషలోని ‘గ్లోబుస్’. అంటే బంతి, గోళం. ఆంగ్లంలోనూ ‘గ్లోబల్’కు మొదట గుండ్రనిదని మాత్రమే అర్థం. భూమి అంతటికీ చెందినదన్న అర్థం పందొమ్మిదో శతాబ్ది చివర గాని రాలేదు. గోళం మనకూ కొత్త కాదు. 499 నాటి ఆర్యభటీయంలో చివరి పాదం పేరే గోళపాదం.

ఇక మన వైపు చూద్దాం. లోకమంటే కనబడేది, ‘లోక్’ ధాతువుకు చూచుట అని అర్థం. జగత్తు అంటే కదిలేది. విశ్వమంటే సర్వమూ. ప్రపంచమంటే విస్తరించినది. ఇన్ని ఛాయలున్న భాషలో ఒక ఆంగ్లపదానికి ఒకే మాట అతికించడం తొందరపాటు. ‘గ్లోబల్ వార్మింగ్’ను మనవాళ్ళు భూతాపం అన్నారు. వేడెక్కేది భూమి గనుక అది చక్కని మాట. ‘గ్లోబల్ టెండరు’కు అంతర్జాతీయం సరిపోతుంది, అక్కడ ముఖ్యం దేశాల మధ్య పోటీ. కంప్యూటరులో ఒక పదాన్ని ‘గ్లోబల్’గా మార్చడమంటే ఆ పత్రమంతటా మార్చడమే, ప్రపంచంతో దానికి పని లేదు. 2020లో వచ్చిన కరోనా వంటిదాన్ని ప్రపంచవ్యాప్తమంటే ఎవరూ కాదనరు.

ప్రపంచ శబ్దాన్ని మనమూ ఒక్క తీరున వాడటం లేదు. 1975లో హైదరాబాదులోనూ, 1981లో కౌలాలంపూరులోనూ జరిగినవి ప్రపంచ తెలుగు మహాసభలు. అక్కడ ‘ప్రపంచ’ అంటే లోకమంతా తెలుగు మాట్లాడుతుందని కాదు, దేశదేశాల తెలుగువారందరూ అని. మేర చిన్నదే, మాట నిజం.

‘ప్రపంచీకరణ’లోని ఈకారం చ్వి ప్రత్యయం వల్ల వచ్చినది. ముందు కానిది అలా అవడం దాని అర్థం. తెల్లనిది కానిదాన్ని తెల్లగా చేస్తే శుక్లీకరణం. మా వీధిబడి ప్రపంచీకరణకు ఒక బోర్డూ ఒక నియమమూ సరిపోయాయి. తరగతిలో తెలుగు మాట్లాడితే డైరీలో ఎర్రసిరాతో రాసి పంపుతారు. మా వాడికి ఇప్పటికి మూడుసార్లు వచ్చింది. రాత్రి వాళ్ళ నాయనమ్మ కథ చెబుతూ ‘కావడి’ అంటే, అది ఇంగ్లీషులో ఏమిటని అడుగుతాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు, వాడికి కావడి తెలియదు. కథ అక్కడే ఆగిపోతుంది. పక్కమంచం దాకా చేరనీయని చదువును గ్లోబల్ అనడానికి నాకు మనసొప్పదు.

ఆంగ్లపదాలను వెలివేయాలని నేననను. రైలు, బల్బు మనవైపోయాయి, గ్లోబల్ కూడా కావచ్చు. రాసేముందు ‘ఎంత మేర?’ అని ఒక్కసారి ప్రశ్నించుకుంటే చాలు. భూమి అంతటికా, దేశాల మధ్యనా, ఉన్నదంతటికా, లేక వట్టి గొప్పకా? మొదటి మూడింటికీ మనకు మాటలున్నాయి. నాలుగోదానికి ఏ మాటా అక్కరలేదు.

నిన్న అటకమీది పాత గ్లోబు దించి తుడిచాను. “దీన్నే మనం భూగోళం అంటాం” అని మనుమడికి చూపాను. వాడు గిర్రున తిప్పి, మన ఊరు చూపించమన్నాడు. అంత చిన్న గోళం మీద మన ఊరు పేరెక్కడ ఉంటుంది? వాడి వేలు పట్టుకొని గోదావరి గీత పక్కన ఆనించి “ఇక్కడ” అన్నాను.