నీళ్ళు పడలేదంటే సరిపోదు

మన ఇళ్ళల్లో ఒక మాట రెండు రకాలుగా వాడతారు. నుయ్యి తవ్వుతుంటే ఊట తగిలితే "నీళ్ళు పడ్డాయి" అంటారు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి జుట్టు రాలినా, హాస్టల్లో చేరిన పిల్లకి కడుపులో బాగులేకపోయినా "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అంటారు. మొదటి మాటకి ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. రెండో మాటతో సంభాషణ అక్కడే ఆగిపోతుంది. ఆ నీళ్ళల్లో ఏముందని ఎవరూ అడగరు. అడగాలనీ, అడగాల్సింది ముందుగా మనమేననీ నా అభిప్రాయం. మా ఇంటి సంగతి చెబితే ఎందుకంటున్నానో తెలుస్తుంది.

మాది బరంపురానికి దగ్గర్లోని ఊరు. మామ్మ కాలం నుంచీ నూతి నీళ్ళే. వానాకాలంలో నీళ్ళు బురదగా ఉంటే మామ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది, తెల్లారేసరికి తేరుకునేవి. కొన్నేళ్ళ కిందట ఎండాకాలంలో నుయ్యి అడుగంటింది. నూతిలోనే బోరు దింపించారు. నీళ్ళయితే పడ్డాయి. పైపులోంచి వచ్చేటప్పుడు అద్దంలా ఉండేవి. గంట గడిచేసరికి పైన నూనె తెట్టులాంటి పొర, అడుగున ఎర్రటి మడ్డి. నా తెల్ల చున్నీ మీద తుప్పు మరకలు. అన్నం పచ్చబడేది, టీ నల్లబడేది.

ముందు మాటలు పడింది మా అమ్మ. "బిందె సరిగ్గా తోమలేదా?" "డికాషన్ అంత ఎందుకు కాస్తావు?" "బట్టలు జాడించడం రాదా?" అమ్మ చింతపండు పెట్టి తోమిన బిందెనే మళ్ళీ తోమేది. మరకలు పోవాలని బ్లీచింగ్ నీళ్ళల్లో నానబెడితే ఇంకా ముదిరేవి. నీళ్ళు చేసిన తప్పు ఆడవాళ్ళ చేతి మీదకి ఎంత సులువుగా వచ్చేస్తుందో అప్పుడే చూశాను.

తర్వాత ఒకాయన ఫిల్టర్ అమ్మడానికి వచ్చాడు. రెండు గ్లాసులు పెట్టాడు. ఒకదాంట్లో మా నీళ్ళు, ఇంకోదాంట్లో తను తెచ్చిన ఆర్.ఓ. నీళ్ళు. రెండింట్లోనూ ఊచలు ముంచి కరెంటు పెట్టాడు. మా గ్లాసు నిమిషంలో గోధుమరంగు మడ్డి అయిపోయింది. ఆయనది అలాగే ఉంది. "ఇదేనమ్మా మీరు తాగుతున్నది" అన్నాడు. నాన్న భయపడి వాయిదాల మీద మిషను కొన్నారు.

ఆ గారడీ సంగతి నాకు కాలేజీకి వచ్చాక తెలిసింది. కరెంటు పారాలంటే నీళ్ళల్లో లవణాలు ఉండాలి. ఆర్.ఓ. నీళ్ళల్లో అవి చాలా తక్కువ కాబట్టి అందులో ఏమీ జరగదు. మామూలు నీళ్ళల్లో అయితే ఆ ఇనపఊచే కరిగి మడ్డి అవుతుంది. మంచి కుళాయి నీళ్ళతో చేసి చూపించినా అంతే. మా నీళ్ళల్లో ఇనుము నిజంగానే ఉంది, కానీ ఆ గ్లాసు చూపించింది దాన్ని కాదు. మిషను కొన్ని నెలలకే మొరాయించింది. ఇనుము ఎక్కువున్న నీళ్ళని ముందు శుభ్రం చేయకుండా నేరుగా పంపితే దాని పొర తుప్పుతో మూసుకుపోతుందని అమ్మినవాళ్ళు చెప్పలేదు. పైగా అది ఇచ్చే నీళ్ళ కంటే పారబోసేవే ఎక్కువ. మిషను ఆగినా వాయిదాలు మాత్రం ఆగలేదు.

చివరికి చేసింది ముందే చేయాల్సిన పని. నీళ్ళు ల్యాబ్‌కి పంపాం. ఇనుము హద్దు దాటింది, మిగతావన్నీ హద్దులోనే ఉన్నాయి. ఆ కాగితం చదివి చెబితే అమ్మ, "ఇన్నాళ్ళూ నా చేతిదే తప్పనుకున్నానే" అంది. నాకు ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

జరిగింది ఇది. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము రంగు లేకుండా నీళ్ళల్లో కరిగి ఉంటుంది. పైకొచ్చి గాలి తగలగానే తుప్పుగా మారి విడిపోతుంది. పాత నూతిలో నీళ్ళకి గాలి తగిలేది, మడ్డి అడుగునే ఉండిపోయేది. బోరుకి ఆ అవకాశం లేదు. టీ నల్లబడటానికి కారణం మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. టీ ఆకులో ఉన్న వగరే కరక్కాయలోనూ ఉంది. వగరుకి ఇనుము తగిలితే నలుపు. కరక్కాయ సిరా చేసింది అలాగే, కలంకారీ నల్లరంగూ అలాగే. మా వంటింట్లో రోజూ సిరా తయారవుతోందన్నమాట!

కారణం తెలిశాక విరుగుడు చవకలో దొరికింది. ట్యాంకులోకి పడే గొట్టానికి షవర్‌లా చిల్లులు పెట్టించి నీళ్ళు గాలిలో చిమ్ముతూ పడేలా చేశాం. ఒక రాత్రి నిలవ ఉంచి, కంకర, బొగ్గు, ఇసుక వరసగా పోసిన డ్రమ్ములోంచి వడపోస్తున్నాం. పదిహేను రోజులకోసారి పై ఇసుక తీసి కడుగుతాం. తాగేవి కాచుకుంటాం. చున్నీ తెల్లగానే ఉంది.

అయితే మా ఇంటి సంగతి అదృష్టమనే చెప్పాలి. ఇనుము గొడవ చేసే దోషం. రంగుతో, రుచితో, మరకతో తన సంగతి తనే చెబుతుంది. ఫ్లోరైడు అలా కాదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. పళ్ళు ఏర్పడే వయసులో పిల్లలు తాగితే పళ్ళ మీద గారలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. మన దేశంలో ఈ వ్యాధి గురించి తొలిసారి వివరంగా రాసింది 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా ఊళ్ళు చూసి. అంతకు ఏడాది ముందు వరకు మన గంజాం కూడా ఆ రాష్ట్రంలోదే. తర్వాత నల్లగొండ పేరు వింటేనే ఫ్లోరైడు గుర్తొచ్చేంత బాధ ఆ జిల్లా పడింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. మన దేశపు ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళల్లో ఫ్లోరైడు లీటరుకి 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా. ఎక్కువుంటే మామ్మ చిల్లగింజ దాన్ని తీయలేదు. కాచినా పోదు, నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

అంటే ఒక్కో దోషానికి ఒక్కో మందు. పప్పు ఉడకకపోయినా, సబ్బు నురగ రాకపోయినా కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నట్టు. గోపాలపురం వైపు సముద్రం దగ్గర ఇళ్ళల్లో బోర్లు ఎక్కువ తోడితే ఉప్పునీరు లోపలికి చొచ్చుకొస్తుంది. చాలామంది జేబులో పెట్టుకు తిరిగే టీ.డీ.ఎస్. పెన్ను మొత్తం లవణాలు ఎన్నో చెబుతుంది గానీ అందులో ఏది ఎంతో చెప్పదు. జబ్బు పేరు తెలియకుండా మందు కొనం కదా, నీళ్ళ దోషం పేరు తెలియకుండా మిషను ఎందుకు కొంటాం?

పేరు తొందరపడి పెట్టకూడదనడానికీ మన పక్కనే ఉదాహరణ ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఉద్దానం. అక్కడి కిడ్నీ జబ్బుకి నీళ్ళే కారణమని చాలామంది నమ్మకం. ఎన్నో పరిశోధనలు జరిగినా ఒకే కారణం ఇదీ అని తేలలేదు. అలాగని అక్కడ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. హిరమండలం నుంచి పైపులు వేసి 2023 డిసెంబరులో నదినీళ్ళు ఇవ్వడం మొదలుపెట్టారు. అనుమానం ఉంటే మంచినీళ్ళు ఇవ్వాల్సిందే, కారణం వెతకడమూ ఆపకూడదు. పుకారు మాత్రం ఈ రెంటిలో దేనికీ పనికిరాదు.

"ఇంటింటికీ కుళాయి వస్తోంది కదా, ఇంకా నుయ్యెందుకు?" అని మా చిన్నాన్న అంటారు. రావాలి, వస్తే మంచిదే. కానీ కుళాయి వచ్చే వేళ కొంచెం, ఎండాకాలం ఇంకా కొంచెం. మిగతా రోజంతా వంటకీ ఉతుకుకీ ఆధారం నుయ్యో బోరో. 2019లో మొదలైన జల జీవన్ మిషన్‌లోనే ఒక మంచి ఏర్పాటు ఉంది. ప్రతి ఊళ్ళో ఐదుగురికి, వీలైనంతవరకు ఆడవాళ్ళకే, కిట్‌తో నీళ్ళు పరీక్షించడం నేర్పాలి. నీళ్ళ రంగు మారితే ముందు చూసేది ఎవరో వాళ్ళకి అర్థమైంది. మన ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరో మనలో ఎంతమందికి తెలుసు?

అందుకే ఒక ప్రతిపాదన. వచ్చే సెలవుల తర్వాత మనలో ప్రతి ఒక్కరం ఇంటి నుంచి ఒక సీసా నీళ్ళు తెద్దాం. పంపు కాసేపు పారనిచ్చి, అదే నీళ్ళతో సీసా మూడుసార్లు తొలిచి, అంచు దాకా నింపి, బయల్దేరే రోజే పట్టుకొద్దాం. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ మేడమ్‌లని కిట్‌తో చూడమని అడుగుదాం. అనుమానం తగిలినవి ల్యాబ్‌కి పంపుదాం.

"ఇందులో తెలుగు డిపార్ట్‌మెంట్ పనేమిటి?" అంటారేమో. మా ఇంటికి వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను చదివి చెప్పేదాకా అమ్మకి అందులో ఒక్క ముక్క తెలియలేదు. ఒడియా రాని, ఇంగ్లీషు రాని తెలుగు అమ్మలు ఈ జిల్లాలో ఎందరో ఉన్నారు. ఏముంది, ఎంతుంది, తాగొచ్చా, ఏం చేయాలి, ఈ నాలుగు సంగతులూ వాళ్ళకి తెలిసిన తెలుగులో ఒక చీటీ మీద రాసివ్వడం మన పని. వ్యాకరణం, ఛందస్సు చదివిన చేతులు ఆ నాలుగు వాక్యాలు రాయలేవా?

ఆ చీటీ ప్రతి వంటింట్లో బిందె పైన గోడకి అతికించి ఉంటే, టీ నల్లబడిన రోజున ఎవరూ అమ్మ వైపు చూడరు.