బయోస్ చిప్ ఫ్లాష్ చేస్తున్నారా? ముందు ‘రీడ్’, ఆ తర్వాతే ‘రైట్’

సీహెచ్341ఏ అనే యూఎస్‌బీ ప్రోగ్రామర్, దానికో 8 పిన్నుల క్లిప్పు ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే వస్తున్నాయి. నేనుండే అడిక్‌మెట్‌లో, పక్కనే ఓయూ హాస్టళ్లలో, తార్నాక రూముల్లో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లకు కొదవ లేదు. బయోస్ అప్‌డేట్ సగంలో ఆగి ల్యాప్‌టాప్ డెడ్ అయితే, బోర్డు మార్చేముందు చిప్‌ను మళ్లీ రాసి చూడటం మంచి పనే. కానీ నా మాట ఒక్కటే: ఒరిజినల్ బ్యాకప్ చేతిలో లేకుండా ఒక్క బైట్ కూడా రాయొద్దు.

ఎందుకంటే ఆ చిప్‌లో ఉండేది బయోస్ ఒక్కటే కాదు. చాలా ల్యాప్‌టాప్‌లలో సీరియల్ నంబర్, విండోస్ కీ, ఇంటెల్ మోడళ్లయితే మేనేజ్‌మెంట్ ఇంజిన్ డేటా కూడా అందులోనే ఉంటాయి. నెట్‌లో దొరికిన ఫైల్ ఎక్కిస్తే ల్యాప్‌టాప్ ఆన్ అవుతుందేమో గానీ, ఇంకెవరిదో సీరియల్ నంబర్ చూపిస్తుంది. మీ పాత డేటా మళ్లీ రాదు.

రెండోది వోల్టేజ్. విన్‌బాండ్ డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌వీ 3.3 వోల్టుల చిప్, డబ్ల్యూ25క్యూ64ఎఫ్‌డబ్ల్యూ 1.8 వోల్టులది. తేడా చివరి అక్షరంలోనే! 1.8కి అడాప్టర్ తప్పనిసరి. పైగా పాత నల్ల రంగు సీహెచ్341ఏ బోర్డుల్లో చిప్‌కి పవర్ 3.3 వోల్టులే ఇచ్చినా, డేటా లైన్లు 5 వోల్టులకు వెళ్తాయి. పని జరిగిపోయిందని చాలామంది పట్టించుకోరు. చిప్ మదర్‌బోర్డు మీదే ఉంటే ఆ 5 వోల్టులు చిప్‌సెట్ దాకా వెళ్లొచ్చు. అందుకే వోల్టేజ్ మార్చుకునే స్విచ్ ఉన్న కొత్త వెర్షనే కొనండి.

ఇక పద్ధతి. ఛార్జర్, బ్యాటరీ రెండూ తీసేయండి. చిప్ మీది చుక్క ఒకటో పిన్, క్లిప్పు ఎర్ర వైరు అటే రావాలి. సాఫ్ట్‌వేర్‌గా లైనక్స్‌లో ఫ్లాష్‌రోమ్ చాలు, ఉచితం. చిప్ పేరు సరిగ్గా చూపిస్తేనే ముందుకెళ్లండి. ఒకసారి రీడ్ చేసి, క్లిప్పు తీసి మళ్లీ పెట్టి ఇంకోసారి రీడ్ చేయండి. రెండు ఫైళ్ల చెక్‌సమ్ ఒకటే రావాలి. డబ్ల్యూ25క్యూ64లో 64 అంటే మెగాబిట్లు, కాబట్టి ఫైల్ సరిగ్గా 8 ఎంబీ ఉండాలి. లోపలంతా ‘ఎఫ్ఎఫ్’లే కనిపిస్తే క్లిప్పు సరిగ్గా పట్టలేదనే అనుమానించండి. రాశాక వెరిఫై ఆప్షన్ ఆపేయొద్దు.

కోఠిలోనో, సికింద్రాబాద్ సీటీసీలోనో షాపుకి ఇచ్చినా ఇదే రూల్. “అన్నా, రాసేముందు ఒరిజినల్ డంప్ నా పెన్‌డ్రైవ్‌లో వెయ్యి” అని అడగండి. రీడ్ చేయడానికి పట్టేది నిమిషాలే. కుదరదంటే ఇంకో షాపు చూసుకోండి.

మరి కొనొచ్చా? కొనొచ్చు. కానీ మొదటి ప్రయోగం మూలన పడ్డ పాత రౌటర్ మీద చేయండి. సెమిస్టర్ ప్రాజెక్టు ఉన్న ఒక్కగానొక్క ల్యాప్‌టాప్ మీద మాత్రం వద్దు.