అంబీఖ్ మనదే, మిస్త్రీ మాత్రం మనోడు కాదు

షాబాన్ నెలలో మా భాంజాకు కుదిరిందనుకున్న రిష్తా తప్పిపోయింది. పిల్లవాడికి ఇరవై నాలుగేళ్లు. నమాజు తప్పడు. సిగరెట్ లేదు, గుట్కా లేదు. ఐటీఐ చేసి అపార్ట్‌మెంట్లకు వైరింగ్ చేస్తాడు. నెల తిరిగేసరికి నా జీతం కన్నా తక్కువేం తేడు. అమ్మాయి తరఫు పెద్దమనిషి షర్బత్ తాగి, గ్లాసు కింద పెట్టి, మర్యాదగానే చెప్పారు: "లడ్కా అచ్ఛా హై, మగర్ మిస్త్రీ హై."

మా బాజీ ఆ రాత్రి అన్నం తినలేదు. వాడు తిన్నాడు. తిని, చేయి కడుక్కుని, వంటింట్లో మిణుకు మిణుకుమంటున్న ట్యూబ్‌లైట్ విప్పి బాగు చేసి పడుకున్నాడు.

రంజాన్ దాటిపోయింది. షవ్వాల్‌లో ఒక జల్సాకు వెళ్లాను. స్టేజీ మీద అదే పెద్దమనిషి. ముసల్మానులు దునియాకు ఏమిచ్చారన్న దాని మీద నలభై నిమిషాల తఖ్రీర్. జాబిర్ ఇబ్న్ హయ్యాన్ నుంచి మొదలుపెట్టి అల్-కిందీ దాకా వచ్చారు. అంబీఖ్ మనదే, కీమియా మనదే, ఆల్కహాల్ అన్న మాట కూడా మన అరబీ 'అల్-కుహ్ల్' నుంచే వెళ్లింది, అంటే మన సుర్మా నుంచి, అని చెప్పినప్పుడు హాలంతా సుభానల్లా అంది. నేనూ అన్నాను. బయటకొచ్చి చెప్పులు వెతుక్కుంటుంటే ఒక్కసారి తట్టింది. జాబిర్ నిజంగా ఏం చేసేవాడు? కొలిమి ముందు కూర్చునేవాడు. గొట్టాలు అతికేవాడు. చేతులకు మసి. ఈ పెద్దమనిషి ఇంటికి రిష్తా పంపితే ఆయనకేం జవాబు వచ్చేది?

ఆ కోపంలోనే మా ఇంట్లో కరెంటు మీద నడిచే ఒక దేగ్ తయారైంది. గులాబ్ అర్ఖ్ తీయడానికి. కోపం ఒక్కటే కారణం అంటే అబద్ధం. జిల్ఖాదలో మా అబ్బా బర్సీ. ఖబర్ మీద చల్లడానికి ఏటా బజార్లో పన్నీరు సీసా కొంటాం. పోయినేడు ఆ సీసా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది మొదటిసారి చదివాను. నీళ్లు, సువాసన, ప్రిజర్వేటివ్. పువ్వు పేరు ఎక్కడా లేదు. అమ్మీకి వాసన చూపిస్తే "యే గులాబ్ నక్కో, అగర్బత్తీ కా పానీ హై" అని మూత పెట్టేసింది.

అబ్బా కలాయి పని చేసేవాడు. నల్గొండ గల్లీల్లో బండి తోసుకుంటూ తిరిగేవాడు. రాగి గిన్నెను కొలిమి మీద కాల్చి, నవసాదర్ పొడి చల్లి, తగరం రుద్దితే లోపలంతా వెండి చంద్రుడు. హకీం సాబుల దేగ్‌లకు కలాయి వేసినప్పుడు మజూరీతో పాటు ఒక సీసా అర్ఖ్ కూడా వచ్చేదని అమ్మీ చెప్తుంది. ఆ పని నాకు నేర్పలేదు. "తూ పఢ్" అన్నాడు. ఉర్దూ మీడియం బడి, తర్వాత తెలుగులో డిగ్రీ, తర్వాత పేపర్లో నౌకరీ. ఖాన్దాన్ మొత్తంలో చేత్తో ఒక పని పూర్తి చేయగలిగినవాడు ఇప్పుడు ఆ భాంజా ఒక్కడే. వాడి గురించి బయటవాళ్లు అడిగితే నేనేం చెప్పేవాణ్నో కూడా రాయాలి. "ఇంజనీరింగ్ లైన్‌లో ఉన్నాడు" అనేవాణ్ని. మిస్త్రీ అన్న మాట నా నోట్లో కూడా రాలేదు.

వాడిని పిలిచే ముందు నేనే షురూ చేశాను. ఒక అల్యూమినియం డబ్బా, నీళ్లు కాచే రాడ్డు కొనుక్కొచ్చాను. వాడు చూసి రాడ్డును చేతిలోకి తీసుకుని, "మామూ, యే బాయిలర్ నై, జనాజా హై" అన్నాడు. రాడ్డు మీద ఎక్కడైనా సన్నటి బీట ఉంటే నీళ్లలోకి కరెంటు దిగుతుంది, నీళ్ల నుంచి డబ్బాకు, డబ్బా నుంచి మనిషికి. రెండూ తీసి అవతల పెట్టాడు.

వాడు తెచ్చింది పదిహేను లీటర్ల స్టీలు పాల క్యాను, గీజర్లో వాడే రెండు వేల వాట్ల ఎలిమెంట్. ఎవరిదో షాదీ కార్డు వెనక పెన్సిల్‌తో హిసాబ్ వేశాడు. 2000ను 230తో భాగిస్తే 8.7 ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు కరిగిపోతుంది. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు, రెండున్నర స్క్వేర్ రాగి వైరు, విడిగా ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు లైను తెంచేసే ఆర్‌సీసీబీ. పది లీటర్ల నీళ్లు మరగడానికి దాదాపు ఇరవై ఆరు నిమిషాలు అని రాసి గీత గీశాడు. తర్వాత గడియారం పెట్టి చూశాను. క్యానుకు చుట్టూ గోనెపట్ట చుట్టలేదు కాబట్టి అరగంట పట్టింది. వాడిది తప్పు కాదు, గాలిలోకి పోయిన వేడిది.

అసలు సంగతి ఇక్కడే బయటపడింది. క్యానుకు ఎర్తింగ్ కలపాలని మా గోడ ప్లగ్గు విప్పితే పై రంధ్రం వెనక వైరే లేదు. ఇల్లు కట్టిన రోజు నుంచీ లేదట. మూడేళ్లుగా అమ్మీ వాషింగ్ మెషీన్ ముట్టుకున్నప్పుడల్లా చేయి జివ్వుమంటుందని చెప్పేది. మేం నవ్వేవాళ్లం. తడి నేల మీద, ఒట్టి కాళ్లతో, డెబ్బై ఏళ్ల మనిషి. భాంజా ఏమీ అనలేదు. బాయిలర్ పక్కన పెట్టి నాలుగు రోజులు పెరట్లో గుంత తవ్వాడు. పైపు దించి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, నీళ్లు పోసి, ఇల్లంతటికీ ఎర్త్ వైరు లాగాడు. గులాబ్ నీళ్ల పిచ్చి నాకు పట్టకపోతే ఆ ప్లగ్గు ఎవరు విప్పేవాళ్లు? ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

క్యాను మూతకు రబ్బరు వాషరు వేస్తే ఆవిరంతా సైకిల్ ట్యూబు కంపు కొట్టింది. తీసేసి సిలికాన్‌ది వేశాడు. గొట్టం అతుకుల దగ్గర మాత్రం అమ్మీ ఉపాయమే పనిచేసింది. దమ్ బిర్యానీ దేక్సాకు పెట్టినట్టు గోధుమపిండి ముద్ద. దాంట్లో ఇంకో ఫాయిదా ఉంది. గొట్టంలో రెక్కలు అడ్డుపడి లోపల ఆవిరి బిగిస్తే ముందు పిండే ఊడుతుంది, క్యాను పేలదు. ఆవిరి దారిలో ఎక్కడా నల్లా, వాల్వు పెట్టకూడదని వాడు రెండుసార్లు చెప్పాడు. ఎలిమెంట్ మునిగేంత నీళ్లు లేకుండా స్విచ్ వేయకూడదని మూడుసార్లు.

ఇందులో చాలా సంగతులు వాడూ నేనూ కలిసి చదివి నేర్చుకున్నవే. ఎవరు రాశారనుకుంటున్నారు? విస్కీ కాచుకునే షౌఖీన్లు. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంతానికి ఇంట్లో కాచుకోవడం ఖానూన్ ప్రకారం తప్పు కాదు. వాళ్లు బీరు పీపాలకు గీజర్ ఎలిమెంట్లు బిగించి, ఎక్కడ ఎలా కాలిందో, ఏ గాస్కెట్ ఏ వాసన ఇచ్చిందో దాచుకోకుండా రాసిపెట్టారు. వాళ్లు తీసే వస్తువు నాకు హరామ్. మన దగ్గర అది నేరం కూడా. పైగా స్పిరిట్ ఆవిరి ఒక్క నిప్పురవ్వ దొరికితే చాలు, మండుతుంది. నా క్యానులో నీళ్లూ పువ్వులూ తప్ప మరేదీ పడదు. అయినా వాళ్లకు నేను రుణపడ్డాను. మన జల్సాల్లో అంబీఖ్ మీద వందసార్లు తఖ్రీర్ విన్నాను, దాని మూత ఎలా బిగించాలో ఒక్కరూ చెప్పలేదు.

మొదటిసారి గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి రెండు కిలోల ఎర్ర గులాబీలు తెచ్చాం. రెక్కలు తిన్నగా ఎలిమెంట్ మీద కూర్చున్నాయి. అరగంటకు ఇల్లంతా జొన్నరొట్టె మాడిన వాసన. సీసాలో పడ్డది కషాయం. అమ్మీ ముక్కు మూసుకుంది. భాంజాకు మాత్రం ఉత్సాహం ఎక్కువైంది. ఎలిమెంట్ పైన చిల్లుల స్టీలు జాలీ ఒకటి అమర్చాడు, రెక్కలు పైన, సెగ కింద. రెగ్యులేటర్ పెట్టాడు. వోల్టేజీ సగం చేస్తే సెగ సగం కాదు మామూ, పావు అవుతుంది అన్నాడు. అంటే 500 వాట్లు. అలా అయితే గంటకు ముప్పావు లీటరుకు మించి రాదు. సబర్ ఉండాలి. చల్లబరిచే బకెట్ కూడా మార్చాం. ఒక లీటరు ఆవిరి మళ్లీ నీళ్లు కావాలంటే సుమారు పద్దెనిమిది లీటర్ల చన్నీళ్లు ముప్పై డిగ్రీలు వేడెక్కాలి. నా చిన్న బకెట్ పది నిమిషాలకే పొగలు కక్కింది. ఇప్పుడు రాగి చుట్టను డ్రమ్ములో ముంచాం. ఆ వేడినీళ్లు గిన్నెలు తోమడానికి పోతాయి.

పువ్వు సంగతి కూడా తేలింది. దండలకు వాడే ఎర్రది చూపుకే. చేవెళ్ల వైపు నాకు తెలిసిన రైతు ఒకాయన మందు కొట్టని నాటు గులాబీలు పొద్దెక్కకముందే కోసి పంపాడు.

ఈ లోపల పక్కింటాయన గోడ మీంచి చూసి, "జర్నలిస్ట్ సాబ్, ఆబ్కారీ వాళ్లకు మామూలు కడుతున్నారా?" అన్నాడు. నవ్వాను గానీ గుచ్చుకుంది. కొత్తగా రిపోర్టరైనప్పుడు ఆబ్కారీ వాళ్ల జీపు వెనక చాలా తిరిగాను. 'బెల్లం ఊట ధ్వంసం' అన్న హెడ్డింగ్ ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. కుండ మీద కుండ, మధ్యలో గొట్టం, నల్లబెల్లం, పటిక, నవసాగరం. ఆ నవసాగరమే మా అబ్బా నవసాదర్. జాబిర్ పేరున ఉన్న కితాబుల్లోని 'నుషాదిర్' కూడా అదే. ఒకే ఉప్పు ఒక చోట రాగికి వెండి మెరుపు తెస్తుంది, ఇంకో చోట గుడుంబా కుండలో పడుతుంది. అరఖ్ అంటే అరబీలో చెమట. హకీం సీసాలో ఉన్నదీ అదే మాట, తెల్లవాళ్లు 'అరాక్' అని రాసి సర్కారీ కాంట్రాక్టులకు ఎక్కించిందీ అదే మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఆ సారా దుకాణం మీద లేస్తే, మరుసటి ఏడు సర్కార్ సారాను బంద్ చేయాల్సి వచ్చింది. వాళ్ల ముందు తల వంచుతాను. వాళ్లు పోరాడింది కొంపలు ముంచే సారా మీద. ఆవిరిని మళ్లీ నీళ్లు చేసే హునర్‌కు ఆ పాపం అంటగట్టి, 'బట్టీ' అనగానే ముక్కు చిట్లించడం మనమే నేర్చుకున్నాం.

అంబీఖ్ పూర్తిగా మనదేనా అంటే అదీ కాదు. మాట అరబీలోకి గ్రీకు 'అంబిక్స్' నుంచి వచ్చింది. జాబిర్ కన్నా వందల ఏళ్ల ముందే ఈజిప్టులో జోసిమోస్ ఇలాంటి పాత్రల గురించి రాశాడు. తనకన్నా ముందు మరియా అనే యూదు స్త్రీ వాటిని వాడిందని చెప్పాడు. యునానీ హకీంలు ఇప్పటికీ ఒక పద్ధతిని 'హమామ్ మారియా' అంటారు, ఆమె పేరే. జాబిర్ పేరున ఉన్నవన్నీ ఆయనే రాశారా అన్నది పండితుల మధ్య బహస్. అల్-కిందీ మాత్రం తొమ్మిదో శతాబ్దంలో అత్తర్ల మీద వందకు పైగా నుస్ఖాలతో కితాబు రాశాడు. నాకు ఆయన గొప్పతనం అక్కడ కనిపిస్తుంది: ఎంత తూకం, ఎంత సెగ, ఏ గిన్నె అని రాసేంతగా పని దగ్గర నిలబడ్డాడు. ఫఖర్ పడాలంటే దానికి పడదాం. కనౌజ్‌లో రాగి దేగ్ కింద మంట ఎగదోస్తూ, భప్‌కాను చేత్తో తడిమి లోపల ఎంత నిండిందో చెప్పే కారీగర్‌కు పడదాం. సీసా మీద సేఠ్ పేరే ఉంటుంది, ఆ చేతి పేరు ఉండదు.

జల్సాలు పెట్టే సాహెబాన్‌కు ఒక్కటే చెప్తాను. వచ్చేసారి స్టేజీ మీద ఒక క్యాను, ఒక గొట్టం, ఒక బకెట్ పెట్టండి. బిగించి చూపించడానికి ఒక మిస్త్రీని పిలవండి, షాల్ ఆయనకే కప్పండి. ఆ తర్వాత మీ ఇంట్లో అమ్మాయికి రిష్తా వచ్చినప్పుడు ఆ షాల్ గుర్తుందో లేదో చూసుకోండి.

రెండోసారి తీసింది రెండు సీసాలు నిండింది. వాసన మొదట అంతగా లేదు, కొంచెం ఉడికిన ఆకు వాసన. భాంజా మూత తీసి, పైన పల్చటి గుడ్డ కట్టి, మూడు రోజులు చీకట్లో ఉంచమన్నాడు. నాలుగో రోజు అమ్మీ చున్నీ కొసకు ఒక చుక్క రాసుకుని కాసేపు కళ్లు మూసుకుంది. "హకీం సాబ్ వాలా జైసా నై" అంది, "లేకిన్ గులాబ్ హై."

బర్సీ రోజు పొద్దున ఒక సీసా ఖబరస్తాన్‌కు తీసుకెళ్లాం. రెండోది బాజీ ఒక సంచిలో పెట్టుకుంది. ఇంకో రిష్తా మాట నడుస్తోందట, వాళ్లింటికి. అక్కడ అబ్బాయి ఏం చేస్తాడని అడిగితే ఈసారి నేనే జవాబు చెప్పాలని ఆమె షరతు.