ఆవగింజంత ప్రశ్న!

బడిలో సైన్సు చదివిన వాళ్లెవరికైనా ఈ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. కుండీలో ఓ మొక్క. దాని ఆకు సగం సీసా లోపల, సగం బయట. సీసా అడుగున కాస్టిక్ పొటాష్ ద్రావణం. కొన్ని గంటలు ఎండలో ఉంచి, ఆకు తెంపి, ఆల్కహాల్‌లో వేడిచేసి, అయోడిన్ వేస్తే... బయటి సగం నల్లటి నీలంగా మారుతుంది. లోపలి సగం మారదు. సీసా గాల్లోని కార్బన్ డయాక్సైడ్‌ను ద్రావణం పీల్చేసుకుంది కాబట్టి ఆ భాగం పిండిపదార్థం తయారుచేసుకోలేకపోయింది. అదే మోల్ అర్ధపత్ర ప్రయోగం.

పుస్తకంలో ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది. ల్యాబ్‌లో మాత్రం ఒక్కోసారి రెండు సగాలూ నీలమైపోతాయి! అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? సీనియర్ల రికార్డు తెచ్చుకుని 'పరిశీలన' కింద ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. మాస్టారు సంతకం పెట్టేస్తారు. మార్కులూ పడిపోతాయి.

నిజానికి ఆ ఆకు అబద్ధం చెప్పలేదు. ప్రయోగానికి ముందు మొక్కను ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచకపోతే అంతకుముందు తయారైన పిండి ఆకులోనే మిగిలి ఉంటుంది. అయోడిన్ చూపించింది దాన్నే. పగలు కూడబెట్టుకున్నదాన్ని మొక్క చీకట్లో ఖర్చుపెట్టుకుంటుందన్న సంగతి ఆ ఆకు చెప్పబోయింది. రికార్డు చెప్పనివ్వలేదు.

మొక్కల గురించి చదవడం వేరు, మొక్కను అడిగి తెలుసుకోవడం వేరు. ఈ రెండో పని బడిపిల్లలతో చేయించవచ్చని నిరూపించింది ఓ చిన్న ఆవ మొక్క.

తొందరపడే మొక్క

మొక్కలతో పెద్ద చిక్కు... అవి బడి గంట ప్రకారం పెరగవు. విత్తు నాటి, పూత చూసి, కాయ కోసి, ఆ గింజల్ని మళ్లీ నాటేసరికి పరీక్షలు వచ్చేస్తాయి. అమెరికాలోని విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పాల్ విలియమ్స్‌కూ ఇలాంటి ఇబ్బందే ఉండేది. ఆయన మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త. క్యాబేజీ, ఆవ కుటుంబం మొక్కలు తెగుళ్లను ఎలా తట్టుకుంటాయో చూడాలంటే ఒక్కో తరం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. దాంతో అందరికంటే ముందు పూసిన మొక్కల్ని ఏరి, వాటినే ఒకదాంతో ఒకటి కలిపి, వాటి పిల్లల్లో మళ్లీ త్వరగా పూసిన వాటిని ఏరి... ఇలా ఏళ్ల తరబడి చేశారు. చివరికి బ్రాసికా రాపా అనే జాతిలో అయిదారు వారాల్లోనే గింజ నుంచి గింజ దాకా వచ్చేసే మొక్క తయారైంది. ఆ వివరాలు 1986లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి.

బ్రాసికా రాపా మనకు పరాయిదేం కాదు. టర్నిప్ దుంప ఆ జాతిదే. ఉత్తరాదిన నూనె కోసం వేసే తోరియా కూడా అదే.

పరిశోధన కోసం పుట్టిన ఈ మొక్క తర్వాత 'ఫాస్ట్ ప్లాంట్స్' పేరుతో బడుల్లోకి వెళ్లింది. దానికి పొలం అక్కర్లేదు. పాత కెమెరా రీలు డబ్బా, కాస్త మట్టి, నీళ్లు పీల్చుకునే ఒత్తి, రాత్రింబవళ్లు వెలిగే ట్యూబ్‌లైట్లు చాలు. రెండు మూడు రోజుల్లో మొలక తల ఎత్తుతుంది. రెండు వారాలకు పసుపు పూలు విచ్చుకుంటాయి.

పుల్లకు అతికించిన తేనెటీగ

పూలు వచ్చాక అసలు సందేహం మొదలవుతుంది. ఈ మొక్క తన పుప్పొడిని తానే ఒప్పుకోదు, పక్క మొక్కది కావాలి. తరగతి గదిలోకి తేనెటీగలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే పిల్లలు చచ్చిన తేనెటీగ ఛాతీ భాగాన్ని పళ్లపుల్ల చివర జిగురుతో అతికించి, దాంతో పువ్వు పువ్వునూ తడుముతారు. ఈగ ఒంటి నూగుకు పుప్పొడి అంటుకుంటుంది. పరాగ సంపర్కం అన్న మాట పుస్తకంలో చూడకముందే చేతికి తెలిసిపోతుంది.

ఆ పుల్లలు అంతరిక్షానికీ వెళ్లాయి. 1997 నవంబరులో కొలంబియా షటిల్ ఎగిరినప్పుడు అందులో ఈ ఆవ మొక్కలున్నాయి. కల్పనా చావ్లా తొలి అంతరిక్ష యాత్ర అదే. ఆమెతోపాటు వెళ్లిన ఉక్రెయిన్ వ్యోమగామి లియోనిద్ కదెన్యుక్ పైన భారరహిత స్థితిలో పూలకు పుప్పొడి అద్దుతుంటే... కింద ఉక్రెయిన్, అమెరికా విద్యార్థులు తమ తరగతి గదుల్లో అవే మొక్కలకు అదే పని చేశారు. అంతరిక్షంలోని మొక్కను పోల్చి చూసుకునేందుకు నేలమీద ఇంకో మొక్క ఉండాలి కదా!

మరుగుజ్జు చెప్పే రహస్యం

ఈ ఆవల్లో నేలకు అతుక్కుని పెరిగే మరుగుజ్జు రకం ఒకటుంది. దానికి నీళ్లు, ఎరువు, వెలుతురు ఎంత ఇచ్చినా కాడ సాగదు. జిబ్బరెల్లిక్ ఆమ్లం చల్లితే మాత్రం కొద్ది రోజుల్లో నిలువునా లేస్తుంది. ఎందుకు? ఆ మొక్కలో తక్కువైంది జిబ్బరెల్లిన్ అనే హార్మోను. పిల్లలు కొన్నింటికి మందు, కొన్నింటికి ఉత్త నీళ్లు చల్లి రోజూ స్కేలుతో కొలుస్తారు. ఉత్త నీళ్లు దేనికంటే... తడి వల్ల పెరిగిందో, మందు వల్ల పెరిగిందో తేలాలిగా. ఒక్క మొక్కను చూసి తీర్పు చెప్పకూడదనీ అప్పుడే అర్థమవుతుంది.

మన కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో హైబ్రిడ్ వరి విత్తనం పండించే రైతులకు ఈ మందు బాగా తెలుసు. ఆడ వరుసల్లో వెన్ను పొట్టలోంచి పూర్తిగా బయటికి రావడానికి వాళ్లు చల్లేది దీన్నే. నాన్న పొలంలో స్ప్రేయరు పట్టుకుని చేసే పని, కొడుకు బోటనీ పుస్తకంలోని హార్మోన్ల పాఠం ఒకటేనని ఆ ఇంట్లో ఎవరైనా చెప్పారా అన్నదే ప్రశ్న.

'రేపు మళ్లీ చెయ్'

విద్యార్థి చేసే ప్రయోగం అంటే పిల్లల ఆట అనుకోనక్కర్లేదు. 1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకలతో ఓ చిన్న పరీక్ష చేశారు. వెలుతురు ఒక పక్క నుంచే వస్తుంటే మొలక అటు వంగుతుంది. దాని కొసకు వెలుతురు సోకని టోపీ పెడితే వంగలేదు. కొస వదిలేసి కింది భాగాన్ని కప్పితే వంగింది. అంటే... చూసేది కొస, వంగేది కింది భాగం! మధ్యలో కబురు మోస్తున్నది ఏమిటి?

సమాధానం నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఒక కుర్రాడికి దొరికింది. పేరు ఫ్రిట్స్ వెంట్. వాళ్ల నాన్న అక్కడే వృక్షశాస్త్ర ఆచార్యుడు. 1926లో పగలు సైనిక శిక్షణకు వెళ్లి, రాత్రుళ్లు నాన్న ల్యాబ్‌లో పనిచేసేవాడు. ఓట్స్ మొలకల కొసలు కోసి అగర్ జిగురు ముక్కల మీద పెట్టాడు. కాసేపయ్యాక కొసలు తీసేసి, ఆ ముక్కల్ని కొస లేని మొలకల మీద ఓ పక్కగా ఉంచాడు. మొలకలు వంగాయి! కొసలోంచి ఏదో పదార్థం అగర్‌లోకి దిగిందన్నమాట. తర్వాత దానికి ఆక్సిన్ అని పేరొచ్చింది.

ఆ తెల్లవారుజామున వెంట్ పరుగున వెళ్లి నాన్నను నిద్రలేపాడట. ఆయన మాత్రం లేచి రాలేదు. అది నిజమే అయితే మళ్లీ చేసినా వస్తుంది, రేపు చెయ్, అప్పుడు చూస్తానన్నారట. కొడుకు మళ్లీ చేశాడు. మళ్లీ వంగింది.

మన రికార్డుల్లో లేనిది ఆ 'రేపు మళ్లీ చెయ్' అన్న మాటే. ఫలితం ముందే రాసి ఉన్నప్పుడు మళ్లీ చేయాల్సిన పనేముంది? చేతిలో మొక్క, మనసులో సొంత ప్రశ్న ఉన్న పిల్లాడికే ఆ అవసరం వస్తుంది.

ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు

దీనికి అమెరికా విత్తనాలే ఉండాలని లేదు. పెళ్లింట్లో పాలికల్లో పోసిన నవధాన్యాలు కిటికీ వైపు ఒరగడం అమ్మమ్మలందరూ చూసిందే. గుప్పెడు గోధుమలు నానబెట్టి చీకట్లో మొలకెత్తించండి. మొలకలు బొటనవేలి గోరంత అవ్వగానే పదింటి కొసలకు చాక్లెట్ రేకు టోపీలు, మరో పదింటికి కింది భాగంలో రేకు పట్టీలు పెట్టండి. ఇంకో పదింటిని అలాగే వదిలేయండి. ఒక పక్కే కన్నం ఉన్న అట్టపెట్టెలో ఉంచి మర్నాడు చూడండి. డార్విన్ చూసిందే మీ పిల్లలూ చూస్తారు.

తర్వాత పోపుల డబ్బాలోంచి ఆవాలు తీయండి. మన ఆవాలు ఫాస్ట్ ప్లాంట్స్‌లా తొందరపడవు, కాపుకు నెలలు పడుతుంది. మొలకలు మాత్రం రెండు మూడు రోజుల్లోనే వస్తాయి. ఆవ మొలక గోధుమలా సూదిగా ఉండదు, సన్నటి కాడ మీద రెండు చిట్టి ఆకులుంటాయి. మరి వెలుతురును చూసేది ఎవరు... ఆకులా, కాడా? టోపీ దేనికి పెట్టాలి?

సమాధానం కోసం పక్కవాడి రికార్డు వెతకొద్దని పిల్లలకు చెప్పండి. ఆవ మొలకనే అడగమనండి. రేపు మళ్లీ అడగమనండి!